గోవా పోవచ్చా అని అడిగినవాళ్లకు

నేను రిటైరయ్యాక మా ట్రావెల్స్ ఆఫీసులో నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి పేరు మౌనిక. మొన్న ఫోన్ చేసింది.

"అక్కా, పొద్దుగాల సంది వచ్చినోళ్లందరు ఒక్కటే అడుగుతుండ్రు. గోవ మంచిగుంటదా, పోవచ్చా అని. నేనైతె ఎన్నడు పోలే. ఏం చెప్పాలె?"

నేను పోయిన సార్లకు లెక్క లేదు. అయినా ఆమెకు ఫోన్లో సరైన జవాబు చెప్పలేకపోయాను. బాగుంటుందంటే ఒక అబద్ధం, బాగుండదంటే ఇంకో అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను. మౌనికకే కాదు, నలుగురిని బస్సెక్కించి ఎక్కడికైనా తీసుకుపోయే పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలందరికీ.

ఈ పని ఏమిటంటే

మాది దోమ అనే ఊరు. పెళ్లయి తాండూరు వచ్చాను. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నేను స్టేషన్ దగ్గర ఉన్న ఒక చిన్న ట్రావెల్స్‌లో టికెట్లు రాయడానికి చేరి, చివరికి వికారాబాద్ బ్రాంచి కూడా చూసుకుంటూ, బస్సుల వెంట టూర్ మేనేజర్‌గా తిరిగాను. ఆడమనిషి బస్సులో ఉంటే ఇంట్లో ఆడవాళ్లను ధైర్యంగా పంపుతారని మా యజమాని లెక్క. ఆ లెక్క తప్పలేదు.

బయటినుంచి చూసేవాళ్లకు ఇది ఊళ్లు చూపించే పని. లోపల చూస్తే వేరు. వెనక చక్రం మీది సీటులో నడుము నొప్పి ఉన్న మనిషిని కూర్చోబెట్టకపోవడం ఈ పని. తెల్లారగట్ల ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూం ఎక్కడ దొరుకుతుందో తెలిసి ఉండటం ఈ పని. మూడో పూట గోధుమ రొట్టె చూసి మొహం మాడ్చుకున్న పెద్దాయనకు ఎక్కడినుంచో ఇంత పెరుగన్నం తెచ్చి పెట్టడం ఈ పని. సముద్రం ఎంత పెద్దదో నువ్వు చెప్పక్కర్లేదు, అది అదే చెప్పుకుంటుంది.

ఇక అభిప్రాయాల సంగతి. ఒకే బస్సులో పోయి, ఒకే హోటల్లో పడుకుని, ఒకే సముద్రం చూసి వచ్చినవాళ్లు ఒకే మాట చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. ఒకసారి తాండూరు బండల వ్యాపారి ఒకాయన గోవానుంచి పొంగిపోతూ తిరిగొచ్చాడు. ఏం నచ్చిందండీ అంటే, "మేడం, ఆడ ఓ పాత ఇంటి ముంగట మన తాండూరు బండే పరిచిండ్రు. నేను కూసోని చేతితోటి తడిమి చూసిన" అన్నాడు. సముద్రం గురించి ఒక్క మాట లేదు.

మోమిన్‌పేట్‌నుంచి వచ్చిన ఒక కొత్త జంట ఉండేది. అబ్బాయి స్వర్గం అన్నాడు, అమ్మాయి ఇంకోసారి ఆ ఊరి పేరెత్తొద్దంది. చాలాసేపు మాట్లాడిస్తే తేలిందేమిటంటే, ఆ పిల్ల చీరతో నీళ్లలో దిగింది, మార్చుకునే చోటు లేదు, తడి బట్టలతోనే సాయంత్రం దాకా ఊరంతా తిరిగింది. అతను నిక్కరు వేసుకున్నాడు, పది నిమిషాల్లో ఆరిపోయింది. మరి ఇద్దరికీ ఒకే గోవా ఎట్లా అవుతుంది? ఆ తర్వాత నేను బస్సు ఆగగానే ముందు చూసేది ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. అలలు తర్వాత.

కాబట్టి ఎవరైనా ఒక చోటు బాగుందనో బాగాలేదనో అంటే అక్కడే ఆగొద్దు. అక్కడ నీకేమైంది అని అడగాలి. ఈ మాట నాకు బాగా తెలుసనే అనుకునేదాన్ని. కాని దాని విలువ ఎంతో తెలిసింది నర్సింహారెడ్డి గారి వల్ల. ఆయన, ఆయన కోడలు ఇద్దరూ రాయమంటేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మా సేటు

దానికి ముందు మా యజమాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. విఠల్ సేటుది కందిపప్పు మిల్లు. మిల్లు తమ్ముడికి అప్పగించి ట్రావెల్స్ పెట్టాడు. పప్పు అమ్మినట్టే ఊళ్లనూ అమ్మొచ్చనుకునేవాడు. "అడిగినోళ్లకు మంచిగున్నదని చెప్పు సావిత్రమ్మా. మంచిగ లేదంటె బస్సు ఖాళీగ పోతది" అనేవాడు. ఈ విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదు.

అయితే ఆయన బస్సు టైర్ల దగ్గర ఏనాడూ పిసినారితనం చూపలేదు. డ్రైవర్ నిద్ర చాలలేదంటే బయలుదేరే టైము మార్చేవాడు, ఎవరు అరిచినా సరే. మీకు దొరికే యజమాని మాటలను పట్టుకుని అతన్ని తూచకండి. టైర్లు చూడండి.

నీళ్లు ఉప్పగ, కూడు సప్పగ

నర్సింహారెడ్డి గారిది పెద్దేముల్. భూములు చూసుకుంటూనే తాండూరు మార్కెట్లో విత్తనాలు, ఎరువుల దుకాణం పెట్టుకున్నారు. ఊళ్లో, బజారులో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఏ విత్తనం వేయాలో ఆయన్ని అడిగి వేసే రైతులు చాలామంది.

ఆ ఏడు దసరా సెలవుల్లో భార్య అనసూయమ్మ, కోడలు కవిత, ఇద్దరు మనవలతో మా బస్సులో గోవా వెళ్లారు. కొడుకు మహేశ్ దుకాణంలో ఉండిపోయాడు. ఆ ట్రిప్పుకు నేను వెళ్లలేదు, మరో మేనేజర్ వెళ్లాడు. అందరూ క్షేమంగా తిరిగొచ్చారు, ఫిర్యాదులేమీ లేవు.

వారం తిరిగేసరికి సేటు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"సావిత్రమ్మా, నర్సింహారెడ్డి పటేలు మనల్ని ముంచుతుండు. దుకాణంల కూసోని వచ్చినోనికల్ల గోవ దండగ, పోవద్దు అని చెప్తుండట. యాసంగి గిరాకి తగ్గినంక విత్తనాల డీలర్లందరు కుటుంబాలతోటి పోతమని బస్సు మాట్లాడిండ్రు గద? ఇప్పుడు వాళ్లు ఎనకముందాడుతుండ్రు. నువ్వు పోయి జర సముదాయించు."

సముదాయించడం నాకు రాదు. కాని ఆయనకు ఏం నచ్చలేదో తెలుసుకోవాలనిపించింది. తాండూరులో షేర్ ఆటో ఎక్కి పెద్దేముల్ వెళ్లాను. దారికి రెండు వైపులా కంది పూత మీద ఉంది.

నర్సింహారెడ్డి గారు వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించారు.

"రా చెల్లె, కూసో. గోవ సంగతేనా? ముందుగాల్నే చెప్తున్న. గది మనసోంటోళ్లు పోయే జాగ కాదు."

"ఏం బాగలేదన్నా?"

"ఏం బాగున్నదో గదడుగు. నీళ్లు ఉప్పగ, కూడు సప్పగ. చెప్పులల్ల ఇసుక, అన్నంల ఇసుక, పండుకుంటె పక్కల ఇసుక. మన కోట్‌పల్లి ప్రాజెక్టు కాడ కూసుంటె సల్లటి గాలొస్తది. అనంతగిరి గుట్టెక్కితె రోగాలే పోతయి. ఇన్ని పెట్టుకొని గంత దూరం పోవుడెందుకు?"

అనసూయమ్మ లోపలినుంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈయన మాటలు ఇనకు సావిత్రీ. నన్నడుగు. మళ్ల పోదామంటె రేపే సంచి సదురుకుంట. ఒడ్డున నిలవడితె అలలొచ్చి నా కాళ్లు కడిగి పోతుండె. ఈ ఇంట్ల అడుగు పెట్టిన కాడ నుంచి నేను ఎందరికి కాళ్లకు నీళ్లిచ్చిన్నో. నా కాళ్లు కడిగింది ఆ సముద్రమొక్కటే."

"ఇగ షురువయింది" అన్నాడాయన.

"నీకు నచ్చకుంటె నోరు మూసుకో. ఊరందరికి ఎందుకు చాటుతున్నవు?"

వాళ్లు అట్లా వాదించుకుంటుంటే కోడలు కవిత టీ తెచ్చింది. ఇరవై ఏడెనిమిదేళ్లు ఉంటాయి. తక్కువ మాట్లాడే పిల్ల. గ్లాసు అందుకుంటూ అడిగాను. "నీకెట్లనిపించింది బిడ్డా?"

"మామ ఎట్లంటె గట్లనే అక్కా" అంది.

అంటున్నప్పుడు చేయి వెనక్కి తీసుకుంది కాని, మణికట్టు మీద మానుతున్న గాయం నా కంట పడింది. గాజులు పగిలి దిగబడిన గాయాలు అట్లా ఉంటాయి, చిన్నచిన్న గీతలుగా, వరసగా. నేను దానిని చూడటం నర్సింహారెడ్డి గారు చూశారు. అప్పటిదాకా భార్యతో గట్టిగా వాదిస్తున్న మనిషి ఒక్కసారిగా చల్లబడ్డారు. టీ అయిపోగానే లేచారు.

"నడు చెల్లె, ఆటో కాడి దాక వస్త."

ఇల్లు దాటి, కంది చేను పక్కన కొంత దూరం నడిచాక ఆయనే మొదలుపెట్టారు.

"ఆ గాయం నేను చేసిందే."

నేను నడక ఆపి ఆయన మొహంలోకి చూశాను. ఆయన చేయి అడ్డంగా ఊపారు.

"నువ్వనుకునేది కాదు. ఇను. తిరిగొచ్చే దినం పొద్దుగాల పిల్లలు నీళ్లల్లకు పోదామని ఒకటే గోల. హోటల్ ముంగట అలలు పెద్దగున్నయి. ఎడమ దిక్కు, ఆ నది వచ్చి కలిసే కాడ, నీళ్లు మన చెర్వు తీర్గనే నిమ్మళంగున్నయి. గాడికి తీస్కపోయిన. కోడలు వస్తనంటె, ఆడపిల్లవు, నలుగురు చూస్తరు, నువ్వు ఒడ్డుకే ఉండు అని గద్దిచ్చిన. పిల్లలను కూడ ఒడ్డునే నిలవెట్టి, ముందు నేను చూసొస్త అని దిగిన. మోకాళ్లలోతు. గంతె. ఎవరో కాళ్ల కింద ఇసుకను గుంజినట్లయింది. ఒర్లుదామంటె గొంతు రాలే. ఒక్క ఘడియల ఛాతి దాక మునిగిన."

ఆయన ఒక కంది కొమ్మ తుంచారు. చేలోకి చూస్తూ మళ్లీ అందుకున్నారు.

"కోడలు చీరతోటే ఉరికొచ్చింది. వాళ్ల పుట్టింటి కాడ బాయిల ఈత నేర్సిందట, నాకు తెల్వనే తెల్వదు. నేను దాని చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజులన్ని పగిలి దిగవడ్డయి. అయినా ఇడవలే. ఒడ్డుకు తిన్నగ కాకుంట పక్కకు, పక్కకు గుంజుకుంట బయటేసింది. ఆమె వద్దన్న నీళ్లల్ల నేను దిగలే చెల్లె. నేను వద్దన్న నీళ్లల్ల ఆమె దిగింది. ఏ మొకంతోటి చెప్పుకోవాలె? ఎవ్వరికి చెప్పకు బిడ్డా అన్న. మొగనికి కూడ చెప్పలే ఆ పిల్ల. మా ముసల్ది దుకాణాల కాడుండె, దానికీ తెల్వదు."

"అందుకేనా అన్నా, పోవద్దని అందరికీ చెప్తున్నరు?"

"మరేం చెప్పాలె? ఎవడన్న పోతుండంటె నాకు ఆ నీళ్లే కండ్ల ముంగట ఆడుతయి. ఉన్నది చెప్పలేను. అందుకే కూడు మంచిగ లేదంటున్న."

ఆ క్షణం నాకు ఆయన మీద జాలికంటే, మా బస్సుల్లో పోయేవాళ్ల గురించి భయం ఎక్కువ కలిగింది. నది కలిసే ఆ చోటికే మా బస్సులు, మాలాంటి అందరి బస్సులు పెద్దవాళ్లను, పిల్లలను నడిపించుకు పోయేవి. అక్కడ అలలు తక్కువ, భయం లేదు అని. పుట్టి పెరిగిన చోట చెరువులు, కుంటలు చూసిన కళ్లు మనవి. కదలని నీళ్లు మంచివనుకుంటాం.

"అన్నా, మీ ఇంటి మాట నేనెవరికీ చెప్పను. కాని మీరు పోవద్దని చెప్పడం మానేసి, ఒక్క ముక్క చెప్పండి. పోండి, కాని నది కలిసే కాడ దిగొద్దు అనండి. చాలు."

ఆయన తలూపారు.

పేరు నాది చెప్పు

మర్నాడు గోవాలో మాకు హోటళ్లు చూసిపెట్టే ఏజెంటుకు ఫోన్ చేశాను. అతను బీచిలో కాపలా ఉండే లైఫ్‌గార్డుతో మాట్లాడించాడు. ఆయన నవ్వాడు. "అమ్మా, నిమ్మళంగా కనిపించే చోటే లోపలికి లాగుతుంది. అలలు విరిగే చోట నీళ్లు ఒడ్డుకొస్తున్నాయి, విరగని చోట వెనక్కి పోతున్నాయి. అందుకే అక్కడ ఎర్ర జెండా పాతుతాం. మీవాళ్లు ఆ జెండా దగ్గర నిలబడి ఫోటోలు దిగుతారు" అన్నాడు హిందీలో. ఎవరు అడిగినా చెప్పే మాటే అది. మాలో ఎవరం అడగలేదు.

నేను సేటు దగ్గరికి వెళ్లి, డీలర్ల ట్రిప్పుకు నేనే వెళ్తాననీ, ఆ బీచిని చూపిస్తాను గాని దిగనివ్వననీ, స్నానాలకు అరగంట దూరంలో లైఫ్‌గార్డులు ఎక్కువగా ఉండే ఇంకో బీచికి తీసుకుపోతాననీ చెప్పాను.

"ఆ బీచి పేరు జూసే అందరు వస్తున్నరు. ఆడికి తీస్కపోయి దిగొద్దంటె గొడవ గాదా?"

"అవుతుంది."

"ఎందుకు దిగొద్దో చెప్పవా?"

"లాగుతుందని చెప్తాను. ఎవరిని లాగిందో చెప్పలేను."

సేటు లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత అన్న మాట నేను మరిచిపోను. "సరె. గొడవైతె సేటు ఒప్పుకోలేదని చెప్పు. నా పేరు చెప్పు, నీది గాదు. నన్ను తిట్టుకోనియ్యి." నేను ఆయన దగ్గర పనిచేసినంత కాలంలో నాకు దొరికిన పెద్ద బహుమతి అదే.

బీచి మార్చిన రోజు

డీలర్లలో వికారాబాద్‌నుంచి వచ్చిన శ్రీకాంత్ అనే కుర్రాయన ఉన్నాడు. భార్య, బడికి ఇంకా పోని పాప. బస్సెక్కిన దగ్గరనుంచి ఫోన్లో ఆ బీచి ఫోటోలు అందరికీ చూపిస్తూనే ఉన్నాడు. అక్కడ దిగి, నది కలిసే చోటుకు నేను అడ్డంగా నిలబడేసరికి అతనికి కోపం వచ్చింది.

"మేడం, ఆన్‌లైన్ల ఈ బీచికి గిన్ని రేటింగ్ చుక్కలున్నయి. వేలమంది మంచిగున్నదని రాసిండ్రు. మీరేమో ముట్టుకోవద్దంటుండ్రు. పైసలు కట్టింది దూరంకెల్లి దండం పెట్టనీకెనా?"

"అక్కడ నీళ్లు లోపలికి లాగుతాయి బాబూ. సేటు కూడా ఒప్పుకోలేదు."

"సేటు తాండూర్ల కూసోని సముద్రం గురించి చెప్తడా?"

బస్సులో సగం మంది అతని వైపే. మిగతా సగం, నర్సింహారెడ్డి పటేలు కూడా అదే చెప్పాడు కదా, పోనీ అన్నారు. గొణుక్కుంటూనే అందరూ బస్సెక్కారు. ఇంకో బీచిలో రెండు జెండాల నడుమ, లైఫ్‌గార్డుల కళ్ల ముందు స్నానాలు చేశారు. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు ముందే మాట్లాడి ఉంచాను. నీళ్లలోకి దిగాక కోపాలు కొంత తగ్గాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తలలు లెక్క చూసుకుంటే శ్రీకాంత్ కుటుంబం లేదు. పక్క సీటు ఆయన్ని అడిగితే నీళ్లు నమిలాడు. "ట్యాక్సీ మాట్లాడుకొని పొద్దుగాలి బీచికే పోయిండు మేడం. మీకు చెప్పొద్దన్నడు."

ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఎత్తడం లేదు.

అక్కడ బైకు మీద మనుషులను ఎక్కించుకుపోయేవాళ్లు ఉంటారు. ఒకతని వెనక ఎక్కి కూర్చున్నాను. అప్పటికి నాకు మోకాళ్ల నొప్పులు, బైకు ఎక్కి ఎన్నేళ్లయిందో. దారి పొడవునా నా కళ్ల ముందు ఆ పాప. లేత పసుపు గౌను, రెండు పిలకలు. బస్సులో నా ఒళ్లో నిద్రపోయిన పిల్ల.

బీచికి చేరేసరికి నది కలిసే వైపు గుంపుగా జనం. ఈలలు ఊదుతున్నారు. లైఫ్‌గార్డులు తాడు పట్టుకుని నీళ్లలో ఉన్నారు. ఒకరిని ఈడ్చుకొచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. ఇంకొకరిని తెచ్చారు.  గుంపును తోసుకుంటూ లోపలికి వెళ్లాను. పడుకోబెట్టినవాళ్ల మొహాలు చూశాను. నాకు తెలిసినవాళ్లు కాదు. వేరే ఏదో బస్సులో వచ్చిన కుర్రవాళ్లు. ఒకడు దగ్గుతూ నీళ్లు కక్కుతున్నాడు. ఇంకొకడు లేచి కూర్చుని ఏడుస్తున్నాడు. అందరూ బతికే ఉన్నారు.

"మేడం."

వెనక్కి తిరిగితే శ్రీకాంత్. వేసుకున్న చొక్కా పొడిగా ఉంది. పాప అతని మెడ మీద కూర్చుని జుట్టు పట్టుకుని ఉంది. భార్య అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు. నేను ఏమీ అడగకుండా పాప కాళ్లు తడిమాను. అవీ పొడిగానే ఉన్నాయి. అక్కడే ఇసుకలో కూలబడ్డాను.

శ్రీకాంత్ నా పక్కన కూర్చున్నాడు. 

"దిగుదామనే వచ్చిన మేడం. దిగే ముందు నర్సింహారెడ్డి పటేలుకు వీడియో కాల్ చేసిన. ఎక్కిరిద్దామని చేసిన, అబద్ధమెందుకు. చూడు పటేలా, నువ్వు దిగొద్దన్న కాడనే ఉన్న, నీళ్లు చెర్వు లెక్కున్నయి అన్న. ఫోన్ అటు తిప్పి చూపిచ్చిన."

"ఏమన్నారు?"

"ఒర్లిండు మేడం. దుకాణం నిండ గిరాకి ఉన్నది, కొడుకు పక్కనే ఉన్నడు. గందరి ముంగట ఒర్లిండు. ఒక్కడుగు ముంగటికెయ్యకు బిడ్డా, నేను ఆడనే మునిగిన, నా కోడలు గుంజుకురాకుంటె నా బొక్కలు కూడ దొరకకపోతుండె అన్నడు. ఏడ్సిండు మేడం. ఆయన ఏడ్వంగ నేనెన్నడు చూడలే. నేను ఫోన్ పట్టుకొని అట్లనే నిలవడ్డ. గా పోరగాండ్లు నా ముంగటికెల్లే నవ్వుకుంట దిగిండ్రు. నేను ఆగుండ్రి అనేలోపటనే..."

నా ఫోన్ మాత్రం తిడతానని ఎత్తలేదట.

నేను అతన్ని తిట్టాలనే అంత దూరం వెళ్లాను. తిట్లు పక్కన పెట్టి, పాపను తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. దాని గౌను నిండా ఇసుక. అంత హాయి నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

తర్వాత

కొన్ని రోజులకు పెద్దేముల్ వెళ్లాను. దుకాణంలో అంతమంది ముందు చెప్పిన మాట ఊరంతా పాకింది. మహేశ్ ఆ రోజే దుకాణం మూసి ఇంటికొచ్చి భార్య చేయి చూసి ఏడ్చాడట. అనసూయమ్మకు మాత్రం కోపం తగ్గలేదు, నాకు చెప్పకుండా ఇన్నాళ్లు దాస్తారా అని మామాకోడళ్లిద్దరినీ కలిపి తిట్టింది. నర్సింహారెడ్డి గారు తిట్లన్నీ పడ్డారు. మనిషి తేలికపడ్డట్టు కనిపించారు.

కవితను మళ్లీ అడిగాను, గోవా ఎట్లా ఉంది అని. ఈసారి మామ వైపు చూడలేదు.

"నాకు మస్తు నచ్చింది అక్కా. మామను మోసే పని లేకుంటె ఇంక మంచిగ ఈత కొడుతుంటి" అంది. ఆయనే ముందు నవ్వారు.

మా ఆఫీసులో ఆ ట్రిప్పు తర్వాత పద్ధతి మారింది. తిరిగొచ్చినవాళ్లలో బాగుందన్నవాళ్లను వదిలేసి, బాగాలేదన్నవాళ్ల ఇంటికి వెళ్లి టీ తాగడం మొదలుపెట్టాను. చాలావరకు పప్పు చప్పగా ఉండటమే కారణం. కాని అప్పుడప్పుడు పప్పు కింద ఇంకేదో ఉంటుంది. మౌనికా, ఫోన్లోని చుక్కలు చూడు, చూడొద్దనను. ఆ చుక్కలు పెట్టిన మనిషికి అక్కడ ఏం జరిగిందో మాత్రం అవి చెప్పవు. గోవా పోవచ్చా అని అడిగినవాళ్లను, ఎవరెవరు పోతున్నారు, ఎవరికి ఈత వచ్చు, ఎవరికి మోకాళ్ల నొప్పులు అని నువ్వే ఎదురు ప్రశ్నలు వెయ్యి. జవాబు వాళ్ల నోటినుంచే వస్తుంది.

నా ఉద్యోగం మొత్తంలో ఏ రోజు గుర్తొస్తుందని అడిగితే, పెద్దపెద్ద ఊళ్లేవీ గుర్తు రావు. డీలర్లతో తిరిగొచ్చిన ఆ పొద్దుటి పూట గుర్తొస్తుంది. కలబురగి దాటి, సేడం దగ్గర టీ కోసం బస్సు ఆపాం. ఇంకో గంటలో తాండూరు. కిందికి దిగీ దిగకముందే వాదన మొదలైంది.

"ఏమన్న అను, సముద్రం సముద్రమే. మళ్ల పోవాలె."

"నాకైతె దండగ అనిపించింది. గా పైసలు పెడితె ఇంట్లకు కూలర్ వస్తుండె."

"నీకు కూలర్ కూడ దండగనే. నువ్వు పుట్టుడే దండగ."

"చేపల వాసనకు నాకు మూడు దినాల నుంచి అన్నం పోతలేదు."

"వాసన నీకు వచ్చింది, నాకు నిద్ర వచ్చింది. గట్ల నిద్రపోయి ఎన్నేండ్లయిందో."

శ్రీకాంత్ భార్య కూడా ఊరుకోలేదు. మళ్లీ వెళ్తామని ఆమె, జన్మలో వెళ్లమని అతను. పాప ఇద్దరి నడుమ నిలబడి బిస్కెట్టు టీలో ముంచుకుంటోంది. గొంతులు పెరిగాయి. ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మామూలుగా అయితే ఇట్లాంటప్పుడు చప్పట్లు కొట్టి, ఇక బస్సెక్కండి అనేదాన్ని. ఆ రోజు అనలేదు. ఇంకో టీ చెప్పి, బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరి మొహం చూస్తూ ఉండిపోయాను. వెళ్లినవాళ్లందరూ ఉన్నారు. ఒక్కరూ తగ్గకుండా అరుచుకుంటున్నారు.

టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ వాళ్ల వైపు అనుమానంగా చూశాడు. "ఏనాయ్త్రీ అక్కా?" అన్నాడు కన్నడంలో, ఏమైందక్కా అని.

"ఏం కాలేదన్నా" అన్నాను. "అందరం మంచిగనే ఉన్నం."